సిద్ధిరాములు సాంచలు

కరెంటు పోయింది.

టెంఘర్ కార్ఖానాలో బట్ట నేసే సాంచలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పొద్దస్తమానం చెవులు దిబ్బళ్లు వేసే చోట మిట్టమధ్యాహ్నం అంత నిశ్శబ్దమైతే, అలవాటు లేనివాళ్లకు భయమేస్తుంది.

మాట వినిపించేది ఇప్పుడేనని, నవీన పాత హాజరీ కాగితం తీసి పేర్లు పిలవసాగింది.

"భూమయ్య."

"ఉన్న."

"కనుకయ్య."

కూలీలను చూసుకునే ముకద్దం దేవయ్య గొంతు తగ్గించాడు.

"ఆయన లేడు బిడ్డా. రెండేండ్ల కింద వానకాలం మోటరు షాక్ కొట్టి సచ్చిపోయిండు. ఆ పేరు కొట్టెయ్."

కొట్టేసి తలెత్తింది. వెనక కిటికీ దగ్గర సాంచల మధ్య ఒక మనిషి లేచి నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

"సిద్ధిరాములు."

మళ్లీ పిలిచింది. దేవయ్య దగ్గాడు.

అప్పుడు ఆ నిలబడ్డ మనిషే "ఉన్న" అన్నాడు.



ఆమె పక్కనున్న ఠాణా పట్నంలో కంప్యూటర్ కోర్సు చేస్తోంది. కార్ఖానాలో పుట్టే అంకెలన్నీ ఒకచోట పోగేసి, నష్టం ఎక్కడొస్తోందో సేటుకు తెర మీద రంగుల్లో చూపించే విద్య. పేరు బిజినెస్ ఇంటెలిజెన్స్.

"తెలివికి గూడ కోర్సు వెట్టిన్రా?" అని నవ్వాడు కార్ఖానా సేటు లక్ష్మీనర్సయ్య. ఆమెకు పెద్దనాన్న. నవ్వుతూనే ఈ ఒక్క కార్ఖానా ఇచ్చి చూశాడు. ఇక్కడ గెలిస్తే నాగావ్‌లోని కార్ఖానాలు కూడా ఆమె చేతికొస్తాయి. లేదంటే కాశేలి గోడౌన్‌లో కూర్చుని చలాన్లు రాసుకోవాలి.

కోర్సులో మొదటి పాఠం ఒకటే. రంగులు తర్వాత, ముందు పేర్లు కడగాలి. ఒక మనిషి, ఒక పేరు, ఒక ఫోటో.

కార్ఖానా ఆచారం వేరు. జ్వరమొచ్చినవాడు, ఊరికి పోయేవాడు తన సాంచల మీద ఇంకొకణ్ని నిలబెట్టి పోతాడు. ఆ నిలబడ్డవాణ్ని బద్లీ అంటారు. హాజరీ మాత్రం అసలువాడి పేరు మీదే పడుతుంది.

అందుకే తెర మీద సిద్ధిరాములు వరుస చూసి ఆమె ఆగిపోయింది. అంతా హాజరీ పడ్డ ఆకుపచ్చే. బతుకమ్మకు లేదు, జ్వరానికి లేదు, ఒక్క నాగా లేదు. మనిషన్నవాడికి ఒక్క నాగా అయినా ఉండదా?

మళ్లీ కరెంటు పోయినప్పుడు కెమెరా పట్టుకుని కిటికీ దగ్గరికి పోయింది. ఫోటో తీసి, అతనిచ్చిన ఓటరు కార్డుతో పోల్చింది.

"ఇది నీ ఫోటో గాదు."

"సిద్ధిరాములుదే బిడ్డా."

"మరి నువ్వెవరు?"

"సాంచలు గూడ సిద్ధిరాములువే."

అడిగినదానికి అది జవాబు కాదు. ఇంతలో చాయ్ వచ్చింది. అతను రెండు గ్లాసులు అందుకున్నాడు. ఒకటి తాగాడు. రెండోది వంగి మోటరు పక్కన నేల మీద పెట్టాడు.

"అదెవరికి?"

"సిద్ధిరాములుకు."

చుట్టూ చూసింది. ఎవరూ నవ్వలేదు. అందరూ తలలు దించుకుని పోగులు సరిచేసుకుంటున్నారు.

నవీనకు భయమేసింది. ఆ భయం దాచుకోవడానికే గొంతు పెంచింది.

"కార్డు మీదున్న మనిషొచ్చి నిలవడితేనే ఈ పేరుంటది. లేకుంటే తీసేస్త."

"తియ్యకు బిడ్డా. ఈ పేరు గూడ పోతే నాకు పేరే ఉండది."

ఆ మాటకు అర్థమేమిటో ఆమె అడగలేదు. కార్డు పట్టుకుని ఆఫీసుకొచ్చి, దొంగ పేరని తుడిచేసింది. కంప్యూటర్ ఒకసారి, నిజంగానే తీసేయాలా అని అడిగింది. తీసెయ్ అంది.

మర్నాడు కిటికీ దగ్గర వేరే మనిషి ఉన్నాడు. పాతాయన ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

"శభాష్ బిడ్డా, నాగావ్ గూడ నువ్వే చూసుకో," అన్నాడు లక్ష్మీనర్సయ్య. ఆమె సంబరపడింది. అబద్ధమెందుకు, బాగా సంబరపడింది.

చాయ్ గ్లాసు మాత్రం ఆ మోటరు పక్కన రోజూ కనిపిస్తూనే ఉంది. ఎవరు పెడుతున్నారంటే ఎవరూ చెప్పరు.

కొన్నాళ్లకు ఊరి నుంచి, చేతిలో సంచితో ఒక ఆడమనిషి ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. పేరు కనకవ్వ అంది.

"కనుకయ్యను జర పిలువు బిడ్డా."



"అక్కా, కనుకయ్య చచ్చిపోయి రెండేండ్లాయె గదా."

"ఎవలు జెప్పిన్రు? నెలనెలా బస్సు డ్రైవరుతోని నా పిల్లలకు పైసలు పంపుతుండె. రెండు నెలలాయె, జాడ లేదు. పానం బాగలేదేమోనని వచ్చిన."

నవీన తెర మీద ఫోటో తెరిచింది. కిటికీ దగ్గరి మనిషి.

"ఈయనేనా?"

"ఈయనే కనుకయ్య."

"మరి ఆ రోజు చచ్చిపోయిందెవరు?"

బల్ల మీదున్న ఓటరు కార్డును కనకవ్వ తీసుకుంది. కొంగుతో తుడిచింది.

"నా పెనిమిటి. సిద్ధిరాములు."

దేవయ్య గోడ వైపు తిరిగి అన్నాడు. "ఆ దినం హాజరీల కనుకయ్య పేరుండె. పోలీసోళ్లు గదే రాసుకున్నరు. నేను గమ్మునున్న."

"ఆయనెటు పోయిండు బిడ్డా?" అంది కనకవ్వ.

వెతకాలంటే ఒక పేరు కావాలి. ఒకటి చచ్చిందని కొట్టేసింది, ఇంకొకటి దొంగదని తుడిచేసింది. నవీనకు ఏడుపొచ్చింది.

"ఆయన మీకేమైతడు అక్కా?"

"ఏం గాడు బిడ్డా. ఆ దినం ఆయనకు జరమొస్తే మా ఆయన బద్లీ నిలవడ్డడు. గప్పటిసంది, మా ఆయనకు ఆయన బద్లీ నిలవడుతుండు."