నోరు తెరవని లాయరు

లాయరుగారు కుర్చీలో వాలి నోరు తెరవగానే పళ్ల డాక్టరు అసలు సంగతి ఎత్తాడు.

“ఇదిగో, ఈ మా నర్సమ్మకి రోజుకి నాలుగు గంటల పనని కాగితం రాసిచ్చాను. ఇప్పుడు రెండుకి కుదించేస్తా, జీతమూ సగమే. నాకా హక్కుంది కదండీ?”

దూది కుక్కిన నోటితో లాయరు తల అడ్డంగా ఊపాడు.

“కదలకండి, సూది పక్కకి పోతుంది. అయినా ఈవిడ చేసేదేముంది? దీపం పట్టుకుని, ‘కుడివైపు కాదు డాక్టరుగారూ, ఎడమవైపు’ అంటూ నా ప్రాణం తీయడం! ఏమ్మా, నువ్వొచ్చి రెండు గంటలయ్యాయి. ఇవాళ్టి నుంచే అమలు. ఇక వెళ్లు.”

నర్సమ్మ దీపం డాక్టరు చేతిలో పెట్టి, సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది. లాయరు రెండు చేతులూ గాల్లో ఆడించాడు.

“భయపడకండి!” డాక్టరు పట్టకారు బిగించి ఒక్క లాగు లాగాడు. “ఇప్పుడు చెప్పండి. హక్కుందా, లేదా?”

మొద్దుబారిన నోట మాట పెగల్లేదు. లాయరు మందులచీటీ లాక్కుని రాశాడు: ‘ఆవిడ ఒప్పుకోకుండా తగ్గించే హక్కు లేదు. నొప్పి ఎడమవైపు. మీరు పీకింది కుడివైపు.’

పళ్లెంలో పన్ను, పేస్టు ప్రకటనలోలా తళతళలాడుతోంది.

“దానికేం, రెండోదీ తీసేద్దాం. నోరు తెరవండి.”

లాయరు ఇంకో చీటీ రాశాడు: ‘ఆవిడ వచ్చాకే.’

చేతులకి తొడుగులతోనే డాక్టరు వీధిలోకి పరుగెత్తాడు.

“నర్సమ్మగారూ! నాలుగు గంటలేనమ్మా!”