పైన ఉండాల్సిన ఇనుము

"ఏం బాబాయ్, ఊచలకి కాళ్ళు పిసుకుతున్నావా?"

స్లాబు మీద ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు.

అడిగినవాడు మేస్త్రి తమ్ముడు. వాడు నోరు విప్పితే పక్కవాడి చేతిలో పని ఆగిపోవలసిందే.

ముసలాయన నవ్వలేదు. మనిషి తక్కువైతే ఆయన్ని ఆ ఉదయమే కూలీల అడ్డా నుంచి పిలుచుకొచ్చారు. కాంక్రీటు తట్ట పక్కన దించేసి, బాల్కనీ దగ్గర గొంతుక్కూర్చుని, కుంగిన ఇనప ఊచల్ని ఒక్కొక్కటే పైకెత్తి అడుగున రాళ్ళు పెడుతున్నాడు.

కింద మిక్సర్ తిరుగుతోంది. ఆయన వెనక తట్టలు వరసగా ఆగిపోయాయి.

"తట్టలు మొయ్యమంటే ఇదేం పనయ్యా?" మేస్త్రి కేకేశాడు.

"బాల్కనీకి ఇనుము పైన ఉండాలి మేస్త్రీ. మనోళ్ళు తొక్కి అడుక్కి దింపేశారు."

"పైనుంటే ఏంటి, కిందుంటే ఏంటి? కాంక్రీటు కప్పేశాక ఎవడికి కనబడుద్ది?"

"మనకి కనబడదు. బరువుకి తెలుస్తుంది. గది స్లాబుకి నాలుగు పక్కలా గోడలున్నాయి, మధ్యలో కిందికి కుంగుతుంది, దానికి ఇనుము అడుగునే ఉండాలి. బాల్కనీకి ఒక్క పక్కే ఆధారం. పైన పట్టు లేకపోతే ఊడి పడుతుంది."

"ఇరవై ఏళ్ళుగా స్లాబులు పోస్తున్నా. తాతకి దగ్గులు నేర్పకు."

"అన్నయ్యా, ఇంతకీ తాత నువ్వా, ఆయనా?" అన్నాడు తమ్ముడు.

మళ్ళీ నవ్వులు. ఈసారి మేస్త్రికి గుచ్చుకున్నాయి. ముసలాయన జబ్బ పట్టుకుని లేపాడు.

"దిగు కిందికి. నీకూ నీ రాళ్ళకీ ఓ దండం."

ముసలాయన దిగిపోయాడు. ఆయన ఎత్తిన ఊచల మీదుగానే తట్టలు నడిచాయి. మధ్యాహ్నానికి బాల్కనీ అద్దంలా నున్నగా తయారైంది. తప్పుకి అంత నునుపు ఎక్కడినుంచి వస్తుందో తెలియదు.

పద్నాలుగో రోజు స్లాబు కింద ఊతంగా పెట్టిన సెంట్రింగ్ కర్రలు విప్పుతున్నారు. గేటు దగ్గర ముసలాయన నిలబడి ఉన్నాడు. రోజూ వచ్చి చూసి పోతున్నాడట.

"గదుల కింద కర్రలు విప్పుకో మేస్త్రీ. బాల్కనీ కింద మాత్రం ఉంచు. ఊచలు దిగిపోయాయని ఇంజనీరుతో ఒక్క మాట చెప్పు. పగలగొట్టి మళ్ళీ పోసుకోవచ్చు."

"చెప్తే నన్ను మేస్త్రిగా ఉంచుతారా?"

"ఉంచరు."

అబద్ధమాడటం కూడా చేతకాని మనిషి మాట ఎవడు వింటాడు?

ముసలాయన వంగి కాళ్ళు పట్టుకోబోయాడు. మేస్త్రి వెనక్కి జరిగి గేటు మూయించాడు.

గదుల కింద కర్రలు విప్పడం అయింది. బాల్కనీ కింద ఇక ఒక్కటే మిగిలింది. దాని పక్కన నిలబడి తమ్ముడు సుత్తి ఎత్తాడు.

"అన్నయ్యా, చూడు, మీ తాతగారు శాపం పెట్టిన బాల్కనీ ఎంత ముద్దుగా నిలబడిందో!"

కర్ర పడింది. బాల్కనీ పెట్టె మూతలా వాలి మూసుకుంది.

తమ్ముడి నోట అదే ఆఖరి మాట.

విరిగినచోట ఊచలన్నీ అడుగునే ఉన్నాయి. ఇంజనీరు వేలు పెట్టి చూపించాడు. మేస్త్రి అటు చూడలేదు.

మూడు నెలలకి మేస్త్రి బెయిలు మీద బయటికొచ్చాడు. తల్లి కంచంలో అన్నం పెట్టి పక్కగదిలోకి వెళ్ళిపోయేది. తిట్టినా బాగుండేది.

ఒకరోజు పొద్దున్నే అడ్డాకి వెళ్ళాడు. పని కోసం కాదు. ఎవరిస్తారు?

ఒకామె తట్ట బోర్లించుకుని దానిమీద కూర్చుంది.

"అమ్మా, తట్టలు మోసే ముసలాయన... ఊచలు పైకెత్తుతుంటాడు..."

"మా ఆయనే. ఏం కావాలి?"

"కాళ్ళ మీద పడదామని."

"ఆలస్యమైంది నాయనా. ఎక్కడో బాల్కనీ పడి మేస్త్రి తమ్ముడెవరో పోయాడట. అది విన్నరోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు."

మేస్త్రి ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"అసలెవరమ్మా ఆయన? ఇంజనీరా?"

"ఇంజనీరూ లేదు, గింజనీరూ లేదు. ఒకప్పుడు మేస్త్రి. ఊచల సంగతి అప్పుడాయనకీ తెలీదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. రోడ్డు అవతల కూలీల కోసం లారీ ఆగితే అటు చూస్తూ లేచి, తట్ట చంకన పెట్టుకుంది.

"మా ఆయన పోసిన బాల్కనీయే కదా, భయమేముందని, దాని నీడన ఉయ్యాల కట్టి మా పిల్లని పడుకోబెట్టాను."