గుండ్రం రాని మిషన్

"మల్ల ఆగిందా?" పొయ్యి దగ్గర నుంచే అరిచింది ఐలవ్వ.

"ఆగలే అవ్వా. గుండ్రం చెక్కమంటే కోడిగుడ్డు చెక్కుతుంది," అంది తల్లితో నవ్యశ్రీ.

బల్ల మీద సీఎన్‌సీ మిషన్ గుర్రుమంటోంది. కంప్యూటర్‌లో ఏ బొమ్మ గీస్తే దాన్ని చెక్క మీద చెక్కిపెట్టే చిన్న మిషన్ అది. పార్సిల్‌లో ముక్కలు ముక్కలుగా వస్తే నవ్యశ్రీ ఒక్కతే కూర్చుని బిగించింది. బిగించి ఐదు రోజులైంది, ఐదు రోజులూ ఏదో ఒక రోగమే. ఒకనాడు బెల్టు వదులు, ఒకనాడు చక్రం బిర్రు, ఇంకోనాడు చెక్కే బిట్టు వంకర.

"కాలేజీల గన్నేండ్లు సదివినవ్, గింత డబ్బా సక్కజేస్తలేవా? రేపు పొద్దుగాల్ల వాపస్ పంపియ్యి. ఇంట్ల ఒక్క పరేషాన్ సాలదా నాకు?"

ఆ ఒక్క పరేషాన్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నవ్యశ్రీ తండ్రి సాంబయ్య సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు. రెండు నెలల కింద ఆ నాలుగు మరమగ్గాలూ పాత ఇనుము కింద పోయాయి. ఆనాటి నుంచి ఆయన కాపురమంతా గోడతోనే. పిలిస్తే పలకడు, పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడుగుతాడు. మనిషి దక్కుతాడా అని ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడవని రోజు లేదు. ఈ ఐదు రోజుల్లో మాత్రం మిషన్ మూలిగితే లేస్తున్నాడు. ఏదో బిగించి, మాట్లాడకుండా మళ్లీ మంచమెక్కుతున్నాడు.

"బాపూ, జర సూస్తవా?" పిలిచింది నవ్యశ్రీ.

"ముందుగాల బంద్ జెయ్. మోటరు కాలుతది," అన్నాడు సాంబయ్య గోడతోనే.

లేచి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మిషన్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు నడుపు. ఊఁ, సాలు. ఎడమదిక్కు బెల్టు. మొన్ననే గుంజి బిగిస్తి గదా, మల్లెట్ల వదులైంది?"

"ఏమో బాపూ. కొత్తది గదా, సాగిందేమో."

సాంబయ్య కూతురి వైపు ఒకసారి చూశాడు. రెంచీ అందుకున్నాడు. బిగిస్తూ బిగిస్తూ నోరు విప్పాడు.

"సాంచ పట్టా గూడ గిట్లనే సతాయిస్తుండె బిడ్డా. నాలుగు సాంచాలు ఒక్కపారి నడుస్తుంటే, ఏ దానికి నొప్పి లేసిందో పండుకున్నకాడ తెలుస్తుండె నాకు. మీ అవ్వనడుగు. అన్నం ముందల్నుంచి ఉరుకుతుంటి."

"ఉరుకుడా? ఎంగిలి చెయ్యితోనే!" అంది ఐలవ్వ. అన్నాక గానీ ఆమెకు తెలియలేదు, రెండు నెలల తర్వాత మొగుడితో మాటకు మాట కలిపానని.

సాంబయ్య నవ్వాడు. ఆ నవ్విన మొహం చూస్తే గడ్డం లేదు. ఎప్పుడు గీసుకున్నాడో! ఐలవ్వ కళ్లప్పగించి చూస్తూ నిలబడింది.

"సూస్తవేందే? జరంత చాయ్ పెట్టు," అన్నాడు.

అడిగి చాయ్ తాగడమా! కంగారులో ఆమెకు ఎదురుగా ఉన్న అగ్గిపెట్టె కూడా కనిపించలేదు. వెతికి వెతికి చాయ్ పెట్టి తెచ్చేసరికి మిషన్ సన్నగా, సాఫీగా పాడుతోంది. చెక్క మీద గుండ్రం పడింది. ఎక్కడా వంక లేని గుండ్రం. సాంబయ్య దాని చుట్టూ వేలు తిప్పి చూసి తలూపాడు.

ఐలవ్వ రెండు చేతులూ జోడించి ఎవరికి మొక్కాలో తెలియక మిషన్‌కే మొక్కింది.

"ఇగ ఫికర్ లేదు. వాపస్ పంపకు గని, రేపటి సంది మీ బాపును లేపకు బిడ్డా. బాగైంది గదా, ఆయినను జర పండుకోనియ్యి."

నవ్యశ్రీ మొహం చిన్నబోయింది. తల వంచుకుని బల్ల మీది చెక్కపొట్టు ఊడ్చసాగింది.

సాంబయ్య చాయ్ ఆఖరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. రెంచీని గుడ్డతో తుడిచి కూతురి చేతిలో పెట్టాడు.

"గా బెల్టును మాటిమాటికి వదులు జేస్తే దాని పండ్లు అరుగుతయి బిడ్డా. రేపు పుల్లీ స్క్రూ వదులు జేసి నన్ను లేపు."