లావెండర్ నూనె

సెలవు ముగించుకుని వచ్చి ఆ గది తలుపు తీయగానే లావెండర్ నూనె ఘాటు గుప్పున ముక్కుకు కొట్టింది. మంచానపడ్డ ముసలామె తలదగ్గర చిన్న దీపం, దానిమీద నూనె గిన్నె. పక్కనే, మా ఆస్పత్రివాళ్లు కొత్తగా పెట్టుకున్న సువాసనలతో వైద్యం చేసే ఆవిడ కళ్లు మూసుకుని, ఆమె ఒంటికి జానెడెత్తున చేతులాడిస్తోంది.

“మీ నర్సులు పుండునే చూస్తారు సిస్టర్. నేను మనిషి మొత్తాన్ని చూస్తాను,” అంది.

లావెండర్ అడుగున ఇంకో వాసన ఉంది. అది నా ముక్కుకు బాగా తెలుసు. ముసలామెను మెల్లగా ఒత్తిగిలించాను. నడుం కింద పిడికిలంత పుండు, చీము కారుతోంది. మనిషి మొత్తాన్ని చూసే ఈ మహాతల్లి, ఆ మనిషిని ఒక్కసారైనా పక్కకు తిప్పి చూడలేదు!

“ఛీ! కుళ్లు మీద అత్తరు చల్లడమా నీ వైద్యం? ముందు బయటికి నడువు!”

ఆవిడ ముక్కు మూసుకుని పరిగెత్తింది. దీపం ఆర్పేసి, నూనె సీసా చెత్తబుట్టలోకి గిరాటేశాను.

పుండు కడిగి కట్టు కడుతుంటే ముసలామె నా చెయ్యి పట్టుకుంది.

“ఆవిణ్ణేమీ అనకమ్మా. నూనె పెట్టమని బతిమాలింది నేనే. కంపు మొదలయ్యాక మా అమ్మాయి గుమ్మంలోనే నిలబడి పలకరించి పోయేది. నిన్న, ఈ వాసన చూసి, లోపలికొచ్చి మంచమ్మీద కూర్చుంది.”

కట్టు ముడేసి గోడ గడియారం చూశాను.

కూతురొచ్చే వేళయింది. చెత్తబుట్టలో చెయ్యి పెట్టి సీసా కోసం వెతికాను.