గోడలు తట్టే మనిషి

"మూడో ఇల్లు కూలింది! ఇక్కడా అతనే!"

టీవీ అరుపుకు ఆమె ఉలిక్కిపడింది. కుట్టుమిషను సూది వేలిలో దిగింది.

తెర మీద మసక బొమ్మ. బూడిదరంగు చొక్కా వేసుకున్న ముసలాయన ఒక ఇంటి గోడకు చెవి ఆనించి, వేళ్ళతో తడుతున్నాడు. మర్నాటికి ఆ ఇల్లు లేదు. అంతకుముందు కూలిన రెండో ఇంటి దగ్గరా ఇలాగే నిలబడ్డాడట.

టీవీవాళ్ళు అతనికి పేరు కూడా పెట్టేశారు. గోడలు తట్టే మనిషి.

వింత వార్తలంటే ఆమెకు మొదట్లో సరదా. మనిషి గొంతుతో ఏడ్చే పిల్లి, ఒక్క రోజులో ఇంకిపోయిన బావి... బట్టలు కుడుతూ చూసేది, నవ్వుకునేది. ఆ నవ్వు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు. ఇప్పుడు ముద్ద దిగడం లేదు. తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటేగానీ కూర్చోలేదు. పిల్లలిద్దర్నీ వారం నుంచి బడికే పంపడం లేదు.

"ముందు ఆ టీవీ కట్టెయ్యమ్మా. మందుల సంగతి తర్వాత" అన్నాడు డాక్టరు.

"చూడకపోతే ఎక్కడేం జరుగుతోందో ఎలా తెలుస్తుందండీ?" అంది ఆమె.

మొగుడు లారీ ఎక్కుతూ, "నేనొచ్చేలోగా మళ్ళీ మనిషిలో పడవే" అని బతిమాలి వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం చప్పుడైంది. తలుపు మీద కాదు. గోడ మీద.

టక్. టక్. టక్.

కిటికీ సందులోంచి చూసింది. బూడిదరంగు చొక్కా.



"అమ్మా, లోపల ఎవరున్నారు?" అన్నాడు ముసలాయన.

ఆమె చప్పుడు కాకుండా కిటికీ మూసేసింది.

"పిల్లల మాటలు వినిపిస్తున్నాయి. వాళ్ళను తీసుకుని ఒక్కసారి బయటికి రండమ్మా. ఆలస్యం చెయ్యకండి."

పిల్లల్ని బల్ల కిందకు తోసి, ఇద్దరి నోళ్ళూ మూసింది.

"ఎవరే అమ్మాయ్? దాహానికి వచ్చాడేమో, తలుపు తియ్యి" అంది మంచంలోంచి అత్తగారు. ముసలావిడకు నడుం పడిపోయి ఏడాదైంది.

"తియ్యకూడదత్తయ్యా! అతనే!"

"అతనంటే?"

"గోడలు తట్టేవాడు!"

"తడితే ఏమవుతుందే పిచ్చిదానా? పాపం, ఎండన పడి వచ్చాడు. ఏం చెబుతాడో విను."

ఆమె వినలేదు. వెనక కిటికీ తెరిచి కేకలు పెట్టింది.

వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. ఎదురింటి వెల్డరు అందరికంటే ముందొచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు.

"దొరికావురా! ఈసారి ఈ ఇంటి మీద పడ్డావా?"

"నా మాట వినండి బాబూ. ఈ ఇల్లు..."

మాట పూర్తి కానివ్వలేదు. వెల్డరు ఒక్క తోపు తోశాడు. ముసలాయన తల మెట్టు అంచుకు తగిలింది. మళ్ళీ లేవలేదు.

అంబులెన్సు కంటే టీవీవాళ్ళ కారే ముందొచ్చింది.

"వార్తలు చూస్తాను కాబట్టి గుర్తుపట్టాను" అంది ఆమె, మైకు ముందు తలెత్తి.

చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తింది.

మర్నాడు పొద్దున స్టేషనుకు రమ్మన్నారు. అత్తగారి పక్కన మంచినీళ్ళు పెట్టి, పిల్లల్ని వదల్లేక వెంట తీసుకెళ్ళింది.

ఇన్‌స్పెక్టరు ఒక నలిగిన కాగితం బల్ల మీద పరిచాడు.

"అతని జేబులో దొరికింది. పదకొండు ఇళ్ళ నంబర్లు. కూలిన మూడూ కొట్టేసి ఉన్నాయి. నాలుగోది మీదేనమ్మా."



"చూశారా సార్! ఏం చెయ్యడానికి వచ్చాడో!"

"ఎలా కూలుస్తున్నాడో అడుగుదామంటే కుదర్లేదు. ఇందాకే ఆసుపత్రిలో పోయాడు."

బల్ల మీది ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరు రిసీవరు చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత ఆమె వంకా, పిల్లల వంకా చూశాడు.

"ఇంట్లో ఇంకా ఎవరున్నారమ్మా?"

శిథిలాల్లోంచి అత్తగారి శవాన్ని బయటికి తీసేసరికి సాయంత్రమైంది.

ఇల్లున్న చోట దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది. ఆమె పిల్లల్ని పొదువుకుని రోడ్డు మీదే కూలబడింది. ఏడుపు కూడా రావడం లేదు.

"చచ్చి కూడా సాధించాడు" అన్నాడు వెల్డరు.

గుంపులోంచి ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీరకు రక్తపు మరకలున్నాయి.

"ఆయన చెప్పింది ఒక్కరూ వినలేదా?" అంది.



పెద్దావిడ వంగి, కూలిన గోడలోంచి ఒక పెళ్ళ తీసింది. గుప్పిట్లో పెట్టి నలిపింది. వేళ్ళ సందుల్లోంచి ఇసుక జలజలా రాలింది.

"మొదటి ఇల్లు కూలిందని వార్తల్లో చూసిన రోజు నుంచి ఆయన అన్నం ముట్టలేదు. మున్సిపల్ ఆఫీసుకెళ్తే రుజువులు తెమ్మన్నారు. ఇళ్ళకెళ్తే పిచ్చోడని తరిమారు. ఆ కాగితం ఎవరి దగ్గరుంది? ఇంకా ఏడిళ్ళున్నాయి, త్వరగా ఖాళీ చేయించండి!"

వెల్డరు ఆ ఇసుక వంక చూశాడు. మెల్లగా అడిగాడు.

"ఏ ఇల్లు కూలుతుందో... ఆయనకెలా తెలుసమ్మా?"

ఆవిడ చేతికంటిన ఇసుక దులుపుకోలేదు.

"పద్దెనిమిదేళ్ళ కిందట, కాంట్రాక్టరు సిమెంటు తగ్గించమంటే ఎదురు చెప్పలేక, ఆ పదకొండు ఇళ్ళ గోడలూ కట్టిన మేస్త్రి మా ఆయనే బాబూ."