సీలు విప్పని రికార్డులు

మా ఆయన పోయిన నెలకి, ఆయన రికార్డులన్నీ పట్టుకుపొమ్మని షాపతనికి ఫోన్ చేశాను. పాత జాజ్ ఆల్బమ్‌లు కొత్తగా అచ్చయి వచ్చినప్పుడల్లా ఆయనకి అమ్మింది అతనే. ఆ పీడ ఇంట్లోంచి వదిలితే చాలనుకున్నాను.

అతను అరలోంచి ఒకటి తీసి వెలుగులో పెట్టి చూశాడు. "దీంట్లో శాక్సఫోన్ వాయించేవాడు ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తుందమ్మా!"

"వినే ఉంటారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా పలికేవారు కాదు" అన్నాను.

ఐదేళ్ల క్రితం బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాను. గంటసేపు గొంతు చించుకుని అరిచాను. ఆయన పక్కగదిలోనే, చెవులకి అవి తగిలించుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఆ రోజుతో ఆయనతో మాట్లాడటం మానేశాను. పోయేదాకా ఒక్క మాట ఆడలేదు.

షాపతను మరో పది రికార్డులు తిరగేశాడు. "ఒక్కదానికీ ప్లాస్టిక్ సీలు విప్పలేదు. విప్పి మాత్రం ఏం చేస్తారులెండి, పాపం."

"అదేంటి?"

అతను చేతిలోని రికార్డు కింద పెట్టాడు.

"మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారమ్మా. ఇప్పుడింక దాచి ఏం లాభం? సార్‌కి చెవులు పూర్తిగా పోయి ఆరేళ్లయింది. షాపులో నేనేం చెప్పాలన్నా కాగితం మీద రాయించుకునేవారు. ఇంట్లో మాత్రం 'మా ఆవిడ పెదవులు చూస్తే చాలు, మాట తెలిసిపోతుంది' అనేవారు."

నిజమే. ఆ ఐదేళ్లూ ఎదురుపడినప్పుడల్లా ఆయన నా పెదవుల వంకే చూసేవారు.

నేను వాటిని గట్టిగా బిగించి, మొహం తిప్పుకునేదాన్ని.