ముప్పై రోజుల నోటీసు

చేపలు ఎండబెట్టే ఇసుక మెరక చుట్టూ పొద్దున్నే కంచె స్తంభాలు పాతుతుంటే, మరిడమ్మ నెత్తి మీద గంప దింపకుండానే పంచాయతీ ఆఫీసుకు వచ్చింది.

"మేడంగారండి, మా మెరక కోల్డ్ స్టోరేజీకి ఇచ్చేశారంట. మాకొక్క మాటైనా చెప్పలేదేంటండి?"

"చెప్పామండి," అంది పంచాయతీ సెక్రటరీ శ్రీదుర్గ. "అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పమని బయట బోర్డుకు నోటీసు అంటించాం. గడువు నిన్నటితో అయిపోయింది."

ఫోన్‌లో ఫొటో చూపించింది. బోర్డు, దానిమీద నోటీసు, కింద తేదీ.

మరిడమ్మకు చదువు రాదు. అయినా ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"అయితే తప్పు మాదేనండి. మా కోడలు పది చదివింది. బోర్డు మీద ఏం పెట్టారో రోజూ చూసొచ్చి పాలెం అంతటికీ అదే చెబుతాదండి. నెల్లాళ్లూ ఏమీ లేదత్తా అంది. చూడకుండానే చెప్పిందన్నమాట. అందరి పొట్టా కొట్టింది. ఇంటికెళ్లి తేలుస్తాను దాని సంగతి."

ఆమె మెట్లు దిగుతుంటే శ్రీదుర్గ గబగబా గుమ్మం దాకా వెళ్లింది.

"కోడల్నేమీ అనకండి," అంది.

"మీరు మంచోరండి, అలాగే అంటారు," అని మరిడమ్మ పాలెం వైపు నడిచింది.

గొడవలొద్దన్న సర్పంచి మాట విని, ఫొటో తీసిన మరునిమిషమే ఆ నోటీసు పీకేసింది తానేనని శ్రీదుర్గ చెప్పలేకపోయింది. ఆ కోడలు రోజూ వచ్చి, బోర్డును పైనుంచి కిందదాకా చదివి వెళ్లడం నెల్లాళ్లూ కిటికీలోంచి చూస్తూనే ఉంది.